పటిక నుంచి స్పాడ్స్ దాకా: పదకోశానికి లింకులు కడుతున్న డైరీ

సోమవారం

ఫ్లోరైడ్ నీళ్ల చేతిపుస్తకం అధ్యాయాలు ఒక కొలిక్కి వచ్చాయి. ఇక మిగిలింది చివర్న ఉన్న పదకోశం. నూట ఇరవై పదాల దాకా ఉన్నాయి. అర్థాలు రాశాం, నీటి పరీక్షల ల్యాబ్‌లో పనిచేసే మా వదిన దిద్దింది, అక్షర క్రమంలో పెట్టాం. కానీ ఏ పదానికీ పక్క పదంతో పొత్తు లేదు. క్షారత్వం ఒక చోట, పటిక ఒక చోట, రెండింటి మధ్య పాతిక పేజీల దూరం.

ఇది తేలింది మునుగోడు దిక్కు బోరింగులు బాగుచేసే కాకా వల్ల. ఆయనకు ముందస్తు ప్రతి ఇచ్చాం. పటిక మోతాదు పట్టికలో అడ్డంగా క్షారత్వం, నిలువునా ఫ్లోరైడ్ ఉంటాయి. ఆ గడి దొరకాలంటే రెండూ తెలియాలి. కాకా పదకోశం తెరిచాడు. 'క్షారత్వం: ఆమ్లం పడితే తట్టుకునే శక్తి. కాల్షియం కార్బొనేట్ లెక్కన మి.గ్రా./లీ.లో చెబుతారు' అని ఉంది. ఫోన్ చేశాడు. "అర్థమైతే మంచిగనే రాసిన్రు. మరి దీన్ని కొలిచేదెట్ల? అది యాడుంది?" అది నాలుగో అధ్యాయంలో, మిథైల్ ఆరెంజ్ వేసి, రంగు మారేదాకా ఆమ్లాన్ని కొలిచి పోసే టైట్రేషన్ దగ్గర ఉంది. పదకోశంలో ఆ ముక్క లేదు. పి.హెచ్. కాగితం ముంచి వచ్చిన అంకెనే క్షారత్వం అనుకునేవాళ్లు మా చుట్టుపక్కల తక్కువేం కాదు. ఆ రెండు పదాల మధ్యా లింకు లేదు.

కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు మాటలు. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో తయారుచేసిన పద్ధతికి మా ఊరి పేరే పెట్టారు: నల్గొండ టెక్నిక్. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలుపుతారు. ఫ్లోరైడ్‌ను పట్టుకుని గడ్డలు అడుగుకు దిగుతాయి, పైనున్న తేటను వడగడతారు. టాంజానియా దాకా పోయిన పేరు అది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు దిక్కు ఇప్పుడు భగీరథ నల్లాలు వచ్చాయి. అయినా నల్లా రాని పూట బోరు నీళ్లే దిక్కు. ఆర్వో ప్లాంటు నడిపే పిల్లలకూ పరీక్ష చేయడం రావాలి. పుస్తకం వాళ్ల కోసమే.

మంగళవారం

పుస్తకం స్ఫింక్స్‌లో ఉంది, అంటే మామూలు టెక్స్ట్ ఫైళ్ల నుంచి పుస్తకాన్ని కట్టే సాఫ్ట్‌వేర్‌లో. పదకోశం పేజీలో ఒక్కో పదం ఒక్కో వరుస, దాని కింద జరిపి రాసిన అర్థం. వేరే చోట ఆ పదానికి లింకు కావాలంటే ఇలా రాయాలి (అసలు ఫైల్లో టర్మ్ అన్నది ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది):

:టర్మ్:`పటిక`

ఇంగ్లీషు పుస్తకానికి ఇంతే. తెలుగులో పటిక ఒంటరిగా ఎక్కడుంటుంది? పటికను కలుపుతాం, పటికలో తేమ చూస్తాం, పటికతో పాటు సున్నం వేస్తాం. మూసే గుర్తు తర్వాత ఖాళీయో కామానో ఫుల్‌స్టాపో ఉంటేనే రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ (స్ఫింక్స్ ఫైళ్లు రాసే పద్ధతి) దాన్ని లింకుగా ఒప్పుకుంటుంది. విభక్తిని వెంటనే అంటిస్తే లింకు పడదు. గుర్తులన్నీ అలాగే పేజీ మీద కనిపిస్తాయి. దీనికి రెండు దారులు. మొదటిది, మధ్యలో బ్యాక్‌స్లాష్, ఖాళీ పెట్టడం:

:టర్మ్:`పటిక`\ ను

ఆ ఖాళీ బయటికి కనిపించదు, 'పటికను' అనే వస్తుంది. రెండోది, కనిపించాల్సిన మాట ముందు, చేరాల్సిన పదం కోణపు బ్రాకెట్లలో:

:టర్మ్:`పటికను <పటిక>`

మొదటి దారి చూడటానికి పొట్టిగా ఉంటుంది గానీ సున్నం దగ్గరే ఆగిపోతుంది. సున్నం+ను కాదు కదా, సున్నాన్ని. క్షారత్వానికి, ద్రావణాన్ని, పరిమాణానికి అంటూ సున్నాతో ముగిసే మాటలన్నిటిదీ ఇదే తంతు. సాంకేతిక పదాల్లో సగం అవే. కాబట్టి పుస్తకమంతా రెండో దారే అని ఖాయం చేశాను. టైపు చేయడానికి ఎక్కువే, కానీ చదివేవాడికి మాట మాటలాగే ఉంటుంది, లింకు గీత మాట మధ్యలో తెగదు.

బుధవారం, గురువారం

నూట ఇరవై పదాలను అధ్యాయాలన్నిటిలో కళ్లతో వెతకడం కాని పని. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న స్క్రిప్టు మొదలుపెట్టాను. మాట హద్దు కోసం అందరూ వాడే బ్యాక్‌స్లాష్ బి తెలుగులో విచిత్రంగా ప్రవర్తిస్తుంది. పైథాన్‌తో వచ్చే ఆర్ఈ మాడ్యూల్ అచ్చులనూ హల్లులనూ అక్షరాలుగా లెక్కేస్తుంది గానీ గుణింతాన్ని, సున్నాను, పొల్లును లెక్కేయదు. అందుకని 'పటిక' దొరుకుతుంది, చివర హల్లు ఉంది కనుక. 'సున్నం' దొరకదు, 'ఫ్లోరైడ్' దొరకదు. విడిగా పెట్టుకునే రీజెక్స్ మాడ్యూల్ యూనికోడ్ నియమాల ప్రకారం మాటల హద్దులు చూస్తుంది. అది పెట్టాక రెండూ దొరికాయి.

స్ఫింక్స్‌లోని వెతుకు పెట్టెకూ ఇదే రోగం. దాని భాషల జాబితాలో తెలుగు లేదు, మాటలను అదే తరహాలో ముక్కలు కొడుతుంది. 'సున్నం' అని వెతికితే ఏం వస్తుందో దేవుడికే తెలియాలి. అందుకే లింకుల మీద ఇంత పట్టు పడుతున్నాను. వెతుకు పెట్టె మీద ఆశ లేనప్పుడు పాఠకుడికి మిగిలింది లింకు, సూచిక, వేలితో పేజీలు తిప్పడం.

ఒక్కో పదానికీ దాని రూపాలు చేత్తో రాసుకున్నాను. సున్నం, సున్నాన్ని, సున్నానికి, సున్నంతో, సున్నపు. యంత్రం చేతే చేయిద్దామని ముందు 'సున్న' అన్నంత వరకే తీసుకుని వెతికించాను. 'సున్నా పాయింట్ రెండు'లోని సున్నా వచ్చింది, 'సున్నితంగా కలపండి' వచ్చింది. క్లోరిన్ అధ్యాయం నిండా సున్నం లింకులు పడబోయాయి. నూట ఇరవై పదాలే కదా, చేత్తో రాసిన జాబితాయే నయం. పదివేల పదాల నిఘంటువైతే వేరే మాట.

తర్వాత వచ్చింది కంటికి కనిపించని చిక్కు. బిల్డ్ (ఫైళ్ల నుంచి పుస్తకం తయారుచేయించడం) నడిపితే 'ఈ పదం పదకోశంలో లేదు' అని హెచ్చరిక, పక్కనే స్పాడ్స్ (ఫ్లోరైడ్ కొలిచే రంగు రసాయనం) అని ఉంది. పదకోశంలో చూస్తే స్పాడ్స్ ఉంది. అక్షరం అక్షరం పోల్చినా అదే మాట. కోడ్ పాయింట్లుగా (ఒక్కో అక్షరానికి యూనికోడ్‌లో ఉండే నంబర్లుగా) విడదీసి చూస్తే లింకులోని స్పాడ్స్ చివర 200సి అనే అదృశ్య అక్షరం ఉంది. 'స్పాడ్స్‌లో' అని రాసేటప్పుడు పొల్లు తర్వాతి 'ల' ఒత్తుగా మారకుండా కీబోర్డు పెట్టే విడదీసే గుర్తు అది. ఎవరో ఆ మాటలోంచి ముందు భాగం కాపీ చేసి కోణపు బ్రాకెట్లలో పెట్టారు, దాంతో పాటు గుర్తూ వచ్చింది. ఫ్లోరైడ్, ఫ్లోరోసిస్, అయాన్, క్లోరిన్... ఇంగ్లీషు నుంచి వచ్చిన మాటలు చాలావరకు పొల్లుతోనే ముగుస్తాయి, కాబట్టి ఇది ఒక్క చోటి గొడవ కాదు. బిల్డ్‌కు ముందు లక్ష్య పదాల చివరి నుంచి ఆ గుర్తును తీసేసే నాలుగు వరుసలు రాశాను. అదే ఊపులో 'నీళ్ళు', 'నీళ్లు' రెండింటిలో ఒకటే ఉంచాను. రెంటిలో ఏది ఒప్పు అన్న చర్చ మాకొద్దు, ఏదో ఒకటి ఉంటే చాలు.

శుక్రవారం సాయంత్రం, వదిన వాళ్లింట్ల

ల్యాప్‌టాప్ వాళ్ల వంటింటి గట్టు మీద పెట్టి కూర్చున్నాం. స్క్రిప్టు కట్టిన లింకులన్నీ చూపించాను. ఒక అర్థంలో ఇంకో పదం కనబడితే అక్కడ లింకు. పటిక అర్థంలో ఫ్లోరైడ్ ఉంది, లింకు పడింది. ఫ్లోరోసిస్ అర్థంలో పళ్లు, ఎముకలు ఉన్నాయి, పంటి ఫ్లోరోసిస్‌కూ ఎముకల ఫ్లోరోసిస్‌కూ లింకులు పడ్డాయి. నాకు ముచ్చటగానే ఉంది.

వదిన 'స్పాడ్స్' దగ్గర ఆగింది. పాత ప్రతిలో ఇలా ఉంది:

స్పాడ్స్
    ఫ్లోరైడ్ కొలిచే రంగు రసాయనం. జిర్కోనియంతో కలిసి ఎర్రగా ఉంటుంది. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే రంగు అంత వెలుస్తుంది.

"దీనికి మిగులు అల్యూమినియం లింకేది?" అంది.

"అల్యూమినియం అన్న మాటే ఇండ్ల లేదు కదా వదినా."

"అదే చెప్తున్న మరిదీ. పటిక వేసిన నీళ్లల్ల అల్యూమినియం కొంత మిగుల్తది. అది ఫ్లోరైడును పట్టుకుంటది, జిర్కోనియం దాక రానియ్యదు. రంగు వెలవదు. మిషన్ తక్కువ చూపిస్తది. నీళ్లు మంచిగైనయనుకొని తాగుతరు."

రసాయనంగా చూస్తే విషయం అంతే. జిర్కోనియం దగ్గర్నుంచి ఫ్లోరైడ్ రంగును విడిపించాలి. అల్యూమినియం ఆ ఫ్లోరైడ్‌తో ముందే జట్టు కడితే విడిపించేవాడే తగ్గిపోతాడు. శుద్ధి చేయకముందు నీళ్లకు స్పాడ్స్ బాగానే చెబుతుంది, పటికతో శుద్ధి చేశాక అదే స్పాడ్స్ తక్కువ చేసి చెప్పొచ్చు. శుద్ధి పనిచేసిందా లేదా అని చూడాల్సిన చోటే తప్పు చూపిస్తుందన్నమాట. దారి ఏమిటంటే నమూనాను ముందు స్వేదనం చేయడం (కాచి ఆవిరిని చల్లార్చి పట్టడం), లేదా ఫ్లోరైడ్‌ను పసిగట్టే అయాన్ ఎలక్ట్రోడ్‌తో చూడటం. ఎలక్ట్రోడ్ పద్ధతిలో కలిపే టైసాబ్ ద్రావణం అల్యూమినియాన్ని తను పట్టుకుని ఫ్లోరైడ్‌ను వదిలిస్తుంది.

ఈ లింకును ఏ స్క్రిప్టూ కట్టలేదు. స్పాడ్స్ అర్థంలో అల్యూమినియం లేదు, అల్యూమినియం అర్థంలో స్పాడ్స్ లేదు. స్పాడ్స్ సీసా పట్టుకున్న మనిషికి అల్యూమినియం గురించి అడగాలని తోచనే తోచదు. మాట కలిసింది కాబట్టి కట్టిన లింకు ఆ మాట తెలియనివాడికి పనికొస్తుంది. ఇలాంటివి మాత్రం రెండో మాట ఉందనే తెలియనివాడి కోసం. పుస్తకం మొత్తం మీద నేను ఒక్క లింకే ఉంచాలంటే ఇదే ఉంచుతాను.

ఆ రాత్రి ఎంట్రీ ఇలా మారింది:

స్పాడ్స్
    ఫ్లోరైడ్ కొలిచే రంగు రసాయనం. జిర్కోనియంతో కలిసి ఎర్రగా ఉంటుంది. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే రంగు అంత వెలుస్తుంది. పటికతో శుద్ధి చేసిన నీళ్లకు దీన్నొక్కదాన్నే నమ్మొద్దు: మిగులు అల్యూమినియం ఉంటే ఫ్లోరైడ్ తక్కువ చూపిస్తుంది.
    ఇవీ చూడండి: మిగులు అల్యూమినియం, అయాన్ ఎలక్ట్రోడ్, టైసాబ్, స్వేదనం.

తర్వాత పదం పదం తీసి వదినను ఒకటే అడిగాను: ఈ మాట కోసం వచ్చినవాడు తెలియక ఎక్కడ దెబ్బతింటాడు? క్షారత్వం నుంచి పి.హెచ్.కు, టైట్రేషన్‌కు, పటిక మోతాదుకు, సున్నానికి. పటిక వేస్తే క్షారత్వం ఖర్చవుతుంది, అది చాలకపోతే పి.హెచ్. పడిపోయి గడ్డలు సరిగా కట్టవు, అందుకే సున్నం. ఈ గొలుసు ఏ ఒక్క అర్థంలోనూ పూర్తిగా లేదు, నాలుగు పదాల్లో తలా ముక్క ఉంది. బ్లీచింగ్ పౌడర్ నుంచి మిగులు క్లోరిన్‌కు. ఆర్వో నుంచి వదిలేసే నీళ్లకు, ఎందుకంటే ఫ్లోరైడ్ అందులోనే చిక్కబడి బయటికి వస్తుంది, దాన్ని మళ్లీ బోరు పక్కనే వదులుతున్నవాళ్లున్నారు. చాయ్ చల్లారిపోయింది, మళ్లీ పెట్టింది.

శనివారం

అంకెల పని. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ అంగీకార పరిమితి 1.0 మి.గ్రా./లీ., వేరే నీళ్లు దొరకనప్పుడు అనుమతించేది 1.5. అల్యూమినియానికి 0.03, 0.2. ఈ అంకెలు పదకోశంలో అయిదారు చోట్ల చెదిరి ఉన్నాయి, ఒక్కో చోట ఒక్కోటి. ఫ్లోరోసిస్ దగ్గర 1.5, ఆర్వో దగ్గర 1.0. చదివేవాడికి రెండూ పరిమితే. 'అంగీకార పరిమితి', 'అనుమతి పరిమితి' అని రెండు ఎంట్రీలు విడదీసి, అంకెలన్నీ అక్కడికే తెచ్చి, మిగతా చోట్ల లింకులే ఉంచాను. రేపు ప్రమాణం మారితే దిద్దాల్సింది ఆ రెండు ఎంట్రీలే.

పీపీఎం కింద అర్థం తీసేసి 'మి.గ్రా./లీ. చూడండి' అని మాత్రమే ఉంచాను. ఊళ్లో అందరూ పీపీఎం అనే అంటారు కాబట్టి ఎంట్రీ ఉండాల్సిందే. కానీ అర్థం ఒక్క చోటే ఉండాలి. 'చూడండి' అంటే ఇక్కడ ఏమీ లేదు, అక్కడికి పో అని. 'ఇవీ చూడండి' అంటే ఇక్కడిది చదివాక అక్కడికి కూడా పో అని. ఈ రెండూ కలిపేస్తే పాఠకుడు ఖాళీ గదిలోకి వెళ్లి తిరిగొస్తాడు.

ఇంకో రకం తిరుగుడు కూడా దొరికింది. 'ఫ్లోక్: గడ్డకట్టించడంలో ఏర్పడేది.' 'గడ్డకట్టించడం: ఫ్లోక్ ఏర్పడేలా చేయడం.' లింకులు పెడితే గానీ బయటపడలేదు, ఎంత నొక్కినా ఆ రెండింటి మధ్యే తిరుగుతున్నాం. ఫ్లోక్‌ను కంటికి కనిపించేలా రాశాం: పటిక వేసి మెల్లగా తిప్పుతుంటే నీళ్లలో తేలే తెల్లటి దూదిపింజల్లాంటి తునకలు.

ఆదివారం

అధ్యాయాల్లో పేజీ తెరిస్తే నీలం నీలం. స్క్రిప్టుకు మొహమాటం లేదు, ఫ్లోరైడ్ కనబడిన ప్రతిచోటా లింకు వేసింది. ఒకే పేరాలో ఆరు. కన్ను నిలవదు. ఒక్కో విభాగంలో మొదటిసారి వచ్చినప్పుడు మాత్రమే లింకు అని నియమం పెట్టుకున్నాను. హెచ్చరిక పెట్టెల్లో మాత్రం మినహాయింపు, చాలామంది పైనుంచి చదవకుండా నేరుగా ఆ పెట్టె దగ్గరికే వస్తారు. కొన్ని పదాలను పదకోశం నుంచే తీసేశాను. 'నీరు'కూ 'బిందె'కూ అర్థం ఎందుకు?

సోమవారం

లింకు పంచుకునే గొడవ ఒకటి. వాట్సాప్‌లో క్షారత్వం ఎంట్రీ లింకు పంపాను. వారం తిరగ్గానే అదే లింకు వేరే పదం దగ్గర తెరుచుకుంది. కారణం సోర్సులో దొరికింది. ఎంట్రీకి స్ఫింక్స్ పెట్టే చిరునామాలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలే నిలుస్తాయి. తెలుగు పదంలో అవేమీ ఉండవు కాబట్టి ఏమీ మిగలదు, వరస నంబరు వేసేస్తుంది: టర్మ్-0, టర్మ్-1, అలా. మధ్యలో కొత్త పదం చేర్చితే కింద ఉన్నవన్నీ ఒక్కో నంబరు జరుగుతాయి. పుస్తకం లోపలి లింకులకు ఏమీ కాదు, అవి ప్రతి బిల్డ్‌లో కొత్తగా కడతారు. బయటికి పంపినవే చెడతాయి.

ఒకే అర్థానికి రెండు పదాలు వరసగా రాసే వీలుంది. ప్రతి పదం కింద దాని ఉచ్చారణను ఇంగ్లీషు అక్షరాల్లో మరో వరుసగా చేర్చాను. ఆ రెండో వరుసకు పేరుతోనే చిరునామా వస్తుంది, అది కదలదు. పేజీ మీద రెండు వరుసలు కనబడటం నాకంత నచ్చలేదు. కానీ ఫోన్లో తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టి వెతికేవాళ్లు ఎక్కువ, వాళ్లకు అదే దారి అవుతుంది. ఉంచేశాను.

బుధవారం

కాగితం మీద పుస్తకం. కాకాకు పీడీఎఫ్ ప్రింటు తీసి ఇచ్చాను. "ఇవీ చూడండి అంటున్నరు. యాడ చూడాలె? పేజీ నంబరేది?" న్యాయమైన మాట. స్ఫింక్స్‌లో లింకుల పక్కన పేజీ నంబరు వేసే సెట్టింగు ఉంది, పెట్టాను కూడా. అధ్యాయాల లింకులకు నంబర్లు వచ్చాయి, పదకోశం పదాలకు రాలేదు. పీడీఎఫ్ కోసం లేటెక్స్ ఫైలు రాసే కోడ్ తెరిస్తే అక్కడ పదకోశం పదాలను కావాలనే వదిలేశారు. ఇంగ్లీషు పుస్తకంలో పదకోశం అక్షర క్రమంలో ఉంటుంది, తిప్పుకుంటారులే అనుకుని ఉంటారు. సరే, మా పదకోశమూ అక్షర క్రమంలోనే ఉంది. పుస్తకం చివరే ఉంది కాబట్టి ఆ పేజీల అంచుకు ముదురు రంగు పట్టీ వేయించాను, బొటనవేలితో దొరుకుతుంది.

ఏది లింకు, ఏది మామూలు మాట అని కాగితం మీద తెలియకపోవడం దానికంటే పెద్ద చిక్కు. ప్రింటులో పదకోశం పదాలను వాలు అక్షరాల్లో వేయడం మామూలు ఆనవాయితీ. తెలుగు ఫాంట్లకు సాధారణంగా వాలు రూపం ఉండదు, కాబట్టి ఏ తేడా కనబడలేదు. ఆ స్టైలును మార్చి పదం కింద సన్నటి చుక్కల గీత పెట్టాను. అధ్యాయాల్లో చుక్కల గీత కనబడితే చివరికి తిప్పాలని ముందుమాటలో ఒక్క వాక్యం చేర్చాను.

శుక్రవారం

బిల్డ్‌లో హెచ్చరిక వస్తే ఆగిపోయేలా పెట్టాను. ఇక ఎవరైనా పదం పేరు మార్చి లింకులు మార్చకపోతే పుస్తకం తయారే కాదు. లింకులన్నిటినీ గ్రాఫ్‌విజ్‌తో బొమ్మ గీయించాను. చిక్కంతా పటిక చుట్టూ, ఊహించిందే. ఏ గీతా చేరని పదం ఒకటి మిగిలింది: బురద. పటిక, సున్నం కలిపాక అడుగున మిగిలేది. ఫ్లోరైడూ అల్యూమినియమూ చేరేది అందులోకే. బావి పక్కన పోయొద్దు, చెలకలో చల్లొద్దు, మరెక్కడ పోయాలో రాయాలి. దానికి 'ఫ్లోక్', 'మిగులు అల్యూమినియం', 'ఆర్వో వదిలేసే నీళ్లు' మూడింటి నుంచీ లింకులు రావాలి. అర్థం వదిన రాసిస్తానంది, అది వచ్చేదాకా ఈ మార్పులున్న శాఖను (విడి ప్రతిని) అసలు పుస్తకంలో మెర్జ్ చేయడం లేదు.